నాయన వేసిన భాగాలు

గిద్దలూరు కాలేజీలో కామర్స్ చెబుతాను. మన చేతిలో ఉండి, ముందుముందు మనకు లాభం తెచ్చేదే ఆస్తి అని మొదటి రోజే చెబుతాను. గొర్రెల్ని ఈనడానికి ఉంచుకుంటే స్థిరాస్తి, అమ్మకానికి ఉంచుకుంటే కరెంట్ ఆస్తి అంటే మాత్రం పిల్లలు నన్ను అనుమానంగా చూస్తారు. కాళ్లున్నది స్థిరాస్తి ఎట్లా అవుతుందని వాళ్ల బాధ.

అనుమానం మా ఇంట్లోనూ తక్కువేం కాదు. పుల్లలచెరువు దగ్గర మా ఊళ్లో నాయన, చిన్నాయన వేరుపడ్డారు. మా వైపు అన్న భాగాలు వేస్తాడు, తమ్ముడు ముందుగా కోరుకుంటాడు. నాయన పొలాన్నీ బోరునూ ఒక భాగంగా పెట్టి, రెండో భాగంలో గొర్రెల మందను మాత్రమే పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కరువు నేలలో నీళ్లున్న బోరును ఎవరైనా తమ్ముడికి ఊరికే వదిలేస్తారా? బోరు ఎండిపోయిందేమో అనుకుని, పొలానికి వెళ్లి మోటారు వేసి చూశాను. నీళ్లు దండిగా పడ్డాయి.

అప్పుడు అర్థమైంది. ఊహ తెలిసినప్పటి నుంచి గొర్రెల వెంట తిరిగిన మనిషి, ఆయనకు మందే కావాలి. అంత మంచి పొలం కనిపిస్తే తమ్ముడు దాన్నే పట్టుకుంటాడనుకున్నాడు.

చిన్నాయన కూడా నాలాగే బోరు చుట్టూ తిరిగాడు. అన్న ఇంత మంచి భాగం ఊరికే వదులుకోడు, ఏదో మతలబు ఉందని పెద్దమనుషుల ముందే అనేసి, మందను కోరుకున్నాడు. నాయన మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా మాట తప్పలేదు.

మంద చిన్నాయన దొడ్డికి చేరింది. నాయన ఆ దారిన పోతూ దగ్గినా చాలు, గొర్రెలన్నీ తలలెత్తి కంచె దగ్గరికి వచ్చేవి.

"ఏం మందు పెట్టినావన్నా వీటికి?" అని చిన్నాయన అడిగాడట. నవ్వుతూ కాదు. నాయన వాటిని మళ్లించుకుపోతాడన్న భయంతో వారం తిరక్కుండానే మందనంతా అమ్మి లారీ ఎక్కించాడు.

అమ్మ ఫోను చేస్తే వెళ్లాను. నాయన పొలంలో మోటారు వేసి, గొర్రెల కోసం కట్టిన తొట్టి నింపుతున్నాడు. పొలం మనకే మిగిలింది కదా, దీని ధర పెరుగుతుందే గానీ తగ్గదని ఏదో చెప్పబోయాను.

"నీళ్లు బాగనే ఉండాయి పాపా. తాగేటివే లేవు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. తొట్టి నిండి నీళ్లు పొర్లిపోతున్నా ఆయన మోటారు ఆపలేదు.