ముహూర్తం చూసి ఎక్కించిన లినక్స్

మా ఇంట్లో కంప్యూటరుకు ఆపరేటింగ్ సిస్టం మార్చడానికి పురోహితుడిని అడిగి ముహూర్తం పెట్టించారు. వేరే ఊళ్లో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. కర్నూల్లో చెబితే నమ్మడమే కాదు, "ఏ పురోహితుడు?" అని అడుగుతారు.

అప్పటికి మా పెద్దన్న హైదరాబాదు నుంచి తిరిగొచ్చి ఇంట్లో ఉంటున్నాడు. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ చేరే తేదీ మాత్రం ఇవ్వలేదు. మాంద్యం అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ అది ఏదో నలతనుకొని అన్నకు మిరియాల చారు పెట్టేది. అన్న ఖాళీగా ఉన్న ఆ కాలాన్ని వృథా చేయకుండా ఎక్కడో సభకు వెళ్లి ఒక గడ్డం, ఒక సిద్ధాంతం, ఒక సీడీ పట్టుకొచ్చాడు. గడ్డం అమ్మకు నచ్చలేదు. సిద్ధాంతం ఎవరికీ అర్థం కాలేదు. ఇక మిగిలింది సీడీ.

మా కంప్యూటరు హాల్లో టీవీ పక్కన ఉండేది. దానికి అమ్మ కుచ్చులు పెట్టి ఒక గులాబీ రంగు ముసుగు కుట్టింది. శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టేది. ఇంజనీరింగు చదువుల కోసమని కొన్నది కాబట్టి నాన్న రాత్రి అంగడి మూసి వచ్చాక దాంట్లో పేకాట ఆడుకునేవాడు. ఇక దాని ఆరోగ్యం సంగతి చెప్పనక్కర్లేదు. ఏ ఫోల్డరు తెరిచినా లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డరు ఉండేది. కంప్యూటరును మాకు అమర్చిచ్చిన అబ్బాయి దగ్గర ఒకే ఒక విండోస్ సీడీ ఉండేది. సగం కర్నూలు దాని మీదే నడిచేది.

"మనం వాడతా ఉండేది దొంగ సరుకు నాయనా," అన్నాడు అన్న ఒకరోజు అన్నం తింటూ.

నాన్నది ఇనుప సామాన్ల అంగడి. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. "దొంగ సరుకేమిరా? దుడ్లిచ్చి తెచ్చినాం."

"నేను తెచ్చిన సీడీలో ఉండే లినక్స్ అయితే ఊరికే ఇస్తారు. ఎవరైనా వాడుకోవచ్చు. విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచుకోవచ్చు."

"ఇచ్చినోనికేం మిగుల్తాది?"

"ఏం మిగలదు. లోకానికి మేలు."

నాన్న ముద్ద ఆపి ఆలోచించాడు. "అట్లయితే వాడు మోసగాడన్నా కావల్ల, పిచ్చోడన్నా కావల్ల. మోసగాడైతే పర్వాల్యా, బేరమాడొచ్చు. పిచ్చోనితోనే కష్టం."

ఇందులో అసలు ఇరుక్కున్నది మా చెల్లి. ఆ ఏడాది దానికి ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో రాంకు వచ్చింది. ఏ కాలేజీ కావాలో, ఏ బ్రాంచి కావాలో ఇంటర్నెట్లోనే వరసగా పెట్టుకోవాలని కొత్తగా అన్నారు. చెల్లికి కడపలో సివిలు కావాలి, హాస్టల్లో ఉండి చదవాలి. నాన్నకు ఓర్వకల్లు దారిలో కాలేజీ కావాలి, కంప్యూటర్లు కావాలి, పొద్దున బస్సెక్కిన పిల్ల సాయంత్రం అదే బస్సులో దిగాలి. చెల్లి కడప పేరెత్తినప్పుడల్లా నాన్నకు గుండె దగ్గర పట్టేసేది. ఆ నొప్పికి గొప్ప క్రమశిక్షణ ఉండేది. భోజనానికి ముందు ఎన్నడూ రాలేదు, సోడా కొట్టిన చప్పుడు వినగానే వెళ్లిపోయేది.

"మన కంప్యూటర్లోనే, నా పక్కన కూర్చోని పెడుతుంది," అని నాన్న తీర్మానించాడు. వరస ఆయనది, నొక్కే వేలు దానిది. అంతే. చెల్లి ఏడవలేదు, అలగలేదు, అన్నం మానలేదు. ఇంట్లో డ్రామాకు కొరత లేదు కాబట్టి దానికి ఆ పాత్ర దొరకలేదేమో.

అన్న మాత్రం పట్టు వదల్లేదు. ఈ జబ్బు కంప్యూటరులో అప్లికేషను పెడితే వైరసు చెల్లి సీటు తినేస్తుందని భయపెట్టాడు. సీటును వైరసు ఎట్లా తింటుందో నేను అడిగాను. అన్న నన్ను చూసిన చూపుతో ఇక జవాబు అక్కర్లేకపోయింది. నాన్న మెత్తబడ్డాడు, కానీ ముహూర్తం కావాలన్నాడు. లారీలకూ బోర్లకూ ముహూర్తం పెట్టే పురోహితుడు కంప్యూటరు ఏ నక్షత్రంలో కొన్నారో అడిగి, పంచాంగం తిప్పి, మర్నాటి పొద్దున ఒక గడియ చెప్పాడు. సరిగ్గా ఆ గడియ మధ్యలోనే మా వీధిలో రోజూ కరెంటు తీస్తారు.

"సాయంత్రం చేస్తే పోలేదా నాయనా?" అన్నాడు అన్న.

"సాయంత్రం వర్జ్యం. ఎల్లుండి అమావాస్య."

"కరెంటు పోతాది కదా?"

"కరెంటు సర్కారుది. ముహూర్తం మనది. మొదులుపెట్టేది ఆ గడియలో పడితే చాలు."

యూపీఎస్ ఉంది కదా అని అన్న ధైర్యం తెచ్చుకున్నాడు. మా యూపీఎస్ కరెంటు పోయినప్పుడు కుయ్ కుయ్‌మని అరిచి, మనం పరిగెత్తుకొచ్చేసరికి ప్రాణం వదిలేది. అది కంప్యూటరును కాపాడే యంత్రం కాదు, చావు కబురు చెప్పే యంత్రం.

మర్నాడు కొబ్బరికాయ కొట్టారు. అమ్మ సీపీయూకు గంధం, కుంకుమ పెట్టి, దాని ముందు నిమ్మకాయ పెట్టింది. అన్న మీట నొక్కగానే సీడీ పెట్టే పళ్లెం బయటికి వచ్చి నిమ్మకాయను తోసింది. నిమ్మకాయ దొర్లుకుంటూ పోయి సోఫా కిందికి చేరింది. అమ్మ దాన్ని అపశకునం అంది. అన్న న్యూటను సూత్రం అన్నాడు. తెర మీద ఏవో ప్రశ్నలు వచ్చాయి. పాతది కొంత ఉంచాలా, మొత్తం తుడిచేయాలా అన్నది అందులో ఒకటి. సంస్కర్తలకు సగం సగం పనులు నచ్చవు. మొత్తం తుడిచేయమన్నాడు.

అది తుడవడం అయిపోయింది, కొత్తది ఎక్కడం మొదలైంది, కరెంటు పోయింది. యూపీఎస్ కబురు చెప్పింది. 

కరెంటు వచ్చాక మీట నొక్కితే నల్లటి తెర మీద ఒక తెల్ల గీత వెలిగి ఆరుతూ నిలబడింది. పాతది లేదు, కొత్తది రాలేదు. నాన్న చేయి ఛాతీ మీదికి వెళ్లింది.

"ఏమిరా, చంపినావా దాన్ని?"

"మళ్లీ మొదట్నుంచి ఎక్కించల్ల నాయనా."

"మరి ముహూర్తం?"

"మొదులుపెట్టేది పడితే చాలంటివి కదా. మొదులుపెట్టింది దాంట్లోనే పడింది," అన్నాను నేను. నాన్న నాకేసి చూసి, ఛాతీ మీద చేయి తీసేశాడు. ఒకేసారి ఇద్దరి మీద కోపం చూపించడానికి ఒక గుండె చాలదు.

సాయంత్రం రెండోసారి ఎక్కిస్తే ఎక్కింది. వర్జ్యంలోనే ఎక్కింది, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మట్టిరంగు తెర వచ్చింది. నాన్న అనుమానంగా కుర్చీలో కూర్చుని మొట్టమొదట అడిగింది పేకాట. అన్న చూపించాడు. పాతదానికంటే ఎక్కువ రకాలున్నాయి. గంట తరువాత నాన్న తల తిప్పకుండానే అన్నాడు. "శానా బాగుండాదిరా ఇది. ఊరికే ఇస్తాండారంటే నమ్మబుద్ధి కావడంల్యా." అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. తన సిద్ధాంతం ఇంటి పెద్దను గెలిచిందనుకున్నాడు. గెలిచింది ఇస్పేటు ఆసు.

కాలేజీలు పెట్టుకోవడానికి చివరి రోజు వచ్చింది. చివరి రోజు దాకా ఆగడం మా నాన్న వ్యాపార సూత్రం. ముందే వెళితే ధర ఎక్కువ చెబుతారట. పొద్దున్నే స్నానం చేసి వచ్చి, చెల్లిని కూర్చోబెట్టుకొని, నన్నూ అన్ననూ వెనక నిలబెట్టాడు. పేజీ తెరుచుకుంది. కాలేజీల పేర్లు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ బస్తాల్లాగా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వాటిని ఎక్కించాక నొక్కాల్సిన బటన్ అక్కడ లేదు.

అన్న పైకి జరిపాడు, కిందికి జరిపాడు, గొంతు సవరించుకున్నాడు. "ఇది మన సిస్టం తప్పు కాదు నాయనా. సైటు చేసినోళ్లు ఒక్క విండోస్‌కే పని చేసేటట్లు చేసినారు. ప్రమాణాలు పాటించలేదు. నిజానికి ఇది..."

"తప్పు ఎవురిదో తర్వాత చూస్తాం. బటన్ యాడ?"

"బటన్ ఉండాది. కనపడదు."

"దేవుని మాదిరా?"

కంప్యూటరు అమర్చిన అబ్బాయికి ఫోను చేస్తే, శ్రీశైలం ఘాట్లో బస్సులో ఉన్నానన్నాడు. ఆ మాటతో పాటే సిగ్నలూ పోయింది. పక్కింట్లో కంప్యూటరు ఉంది కానీ, అక్కడికి వెళితే చెల్లి అసలు రాంకు బయటపడుతుంది. నాన్న వీధిలో చెప్పుకున్న రాంకులో ఒక సున్నా తక్కువ. ఇక మిగిలింది వీధి చివరి ఇంటర్నెట్ సెంటరు. దాంట్లో ప్లైవుడ్ తలుపుల గదులున్నాయని, పిల్లలు చెడిపోతున్నారని, సంసారులు తొక్కే గడప కాదని నాన్న వీధి పెద్దమనుషులను వెంటేసుకొని పోయి అరిచి, ఆ తలుపులు ఊడబెరికించి రెండు నెలలు కాలేదు. ఇప్పుడు ఆయన అదే గడప ఎట్లా తొక్కుతాడు?

"నువ్వు పోరా," అన్నాడు పెద్దన్నతో.

"నేను ఆ విండోస్ ముందర కూర్చోను నాయనా. నాకు సూత్రాలుండాయి."

ఇంట్లో నాన్నకు పరువు, అన్నకు సూత్రం. ఆ రెండూ లేనిది నాకొక్కడికే. చెల్లిని తీసుకుపోయే పని నాకు పడింది. నాన్న దానితో కాలేజీల వరస ఎక్కం చెప్పించినట్టు చెప్పించాడు. మొదటిది ఓర్వకల్లు దారిది, కంప్యూటర్లు. కడప ఊసే లేదు. చెల్లి తడబడకుండా చెప్పింది. "నువ్వు పక్కనే ఉండి చూడు," అని నాకు చెప్పాడు.

సెంటర్లో తలుపుల్లేని గదిలో ఇద్దరం ఒకే స్టూలు మీద సగం సగం కూర్చున్నాం. బటన్ ఉంది. అంత పెద్ద బటన్ మాకు ఇంట్లో కనపడకపోవడమేంటో. చెల్లి నెంబరు కొట్టింది, పాస్‌వర్డ్ కొట్టింది, కిందికి జరుపుకుంటూ పోయి కడప కాలేజీ మీద నొక్కింది. సివిలు. ఒకటో నెంబరు.

"ఏయ్, నాయన చెప్పిన వరస మర్సిపోయినావా?"

"గుర్తుండాది."

"మరేంది ఇది?"

"గుర్తుండాదంటిని గానీ, పెడ్తానంటినా?"

"నన్ను చూడమని పంపినాడు."

"చూడు. ఎవురొద్దన్నారు?"

నేను అన్నగా నా బాధ్యత నెరవేర్చాను. "సివిలంటే ఎండలో నిలబడల్ల."

"మనూర్లో యాడ నిలబడినా ఎండే కదన్నా."

 కంప్యూటర్లయితే ఏమని అడిగాను. అది తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "ఏడాదికి నాలుగు సినుకులు పడే ఊర్లో మన మిద్దె కారతాది. ఏ మేస్త్రీనడిగినా దేవుని దయ అంటాడు. ఎందుకు కారతాదో నాకు తెలుసుకోవల్ల. ఈడ ఇంట్లో ఉంటే, అంగడి లెక్కలు రాయి, చుట్టాలొచ్చినారు కాఫీ పెట్టు అంటారు. చదివినట్లే." ఆ మాట అంటూ మౌసును బల్లకేసి గట్టిగా రుద్దింది. నేను ఫ్యాను వంక చూశాను. చాలా మురికి పట్టిన ఫ్యాను అది.

తరువాత నాన్న చెప్పిన కాలేజీలూ పెట్టింది, వాటి స్థానంలో, అంటే అడుగున. ఒకసారి లాక్ చేస్తే ఇక మార్చడానికి కుదరదని ఎర్ర అక్షరాల్లో రాసుంది. చెల్లి దాన్ని రెండుసార్లు చదివి నొక్కింది. మనసు బరువెక్కాల్సిన ఆ గడియలో సెంటరు ప్రింటరు మా కాగితాన్ని సగం మింగి ఆగిపోయింది. దాన్ని లాగడానికి సెంటరాయనతో కలిపి ముగ్గురం పట్టాం.

ఇంట్లో నాన్న గుమ్మం దగ్గరే ఉన్నాడు. "పెట్టినావామ్మా?"

దారంతా నేను రెండు అబద్ధాలు తయారు చేసిచ్చాను. చెల్లి రెండూ వాడలేదు. "పెట్టినా నాయనా. కడప సివిలు మొదుట పెట్టినా."

 నాన్న ముందు నా వైపు తిరిగాడు. "నువ్వేం చేస్తాంటివిరా?"

"చూస్తాంటి నాయనా. చూడమంటివి కదా."

తరువాత అన్న వైపు తిరిగాడు. "మార్చురా దాన్ని. ఏదైనా విప్పుకోవచ్చు, మార్చుకోవచ్చంటివే!"

"అది మన సిస్టం నాయనా. సర్కారు సైటు కాదు."

"మళ్లేం లాభం రా నీ లినక్స్‌తో?"

అన్న ఆ ప్రశ్నకు సిద్ధాంతపరంగా జవాబు మొదలుపెట్టాడు. నాన్న చేయి ఛాతీ వైపు బయలుదేరింది. అప్పుడు అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టి, "రాంకు పిల్ల తెచ్చుకునింది, సీటు పిల్ల పెట్టుకునింది. సోడా తెప్పించల్నా వద్దా, అది చెప్పు," అంది. నాన్న చేయి దారి మధ్యలోనే ఆగి, చొక్కా గుండీ సర్దుకుంది.

ఆ వారం ఇంట్లో నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు, కంప్యూటర్లో పేకతో తప్ప. చెల్లి అన్నం పెడితే తిన్నాడు, కంచం తీస్తే లేచాడు. దానికి నిద్ర పట్టడం లేదని కళ్లు చూస్తే తెలిసేది. తాను పెట్టిన సీటు రాకపోతే నాన్న పెట్టిన సీటే వస్తుంది. అప్పుడు ఆయన మాట్లాడతాడు, చదువు ముగిసేదాకా మాట్లాడతాడు. జాబితా వచ్చిన రోజు మళ్లీ నేనూ అదీ సెంటరుకు పోయాం. కడప, సివిలు. చెల్లి స్టూలు మీద నుంచి లేవడం మరిచిపోతే, సెంటరాయన వచ్చి, "ఇంకో గంటకు లెక్క కట్టల్నా?" అని అడిగాడు.

మర్నాడు అంగట్లో నేను మేకులు తూస్తున్నాను. నాన్న ఒక ఖాతాదారుతో మాట్లాడుతున్నాడు.

"మా పాపకు కడపలో సివిలు పెట్టిచ్చినాప్పా. అందురూ కంప్యూటర్లు కంప్యూటర్లని పడతాండారు. నేనే చెప్పినా, అది కాదమ్మా, సివిలు పెట్టు అని. ఆడపిల్లలు గూడా నాలుగూర్లు చూడల్ల కదా?"

"ధైర్యమే అప్పా నీది," అన్నాడు ఆయన.

నాన్న తల వినయంగా వంచాడు. తక్కెడ ఒక పక్కకు ఒరిగిపోయినా నేను చూసుకోలేదు. ఆయనకు గుప్పెడు మేకులు ఎక్కువ పోయాయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెల్లి కొత్త బకెట్లో గ్లాసులు, దువ్వెన, సబ్బులు సర్దుకుంటోంది. అంగట్లో విన్నది విన్నట్టు చెప్పాను. మండిపడుతుందని చూశాను. అది సబ్బుపెట్టె మూత నొక్కి పెట్టి, "చెప్పుకోనీలేన్నా," అంది. "చెప్పుకున్నోడు మళ్లీ వద్దనల్యాడు కదా. ఇంకో పదిమందికి చెప్పేటట్లు చూడు."