పొట్టిదానికొక వేరే రంగు చొక్కా

మొన్న ఆదివారం కదిర్కామంలో మా పెద్దమ్మ కూతురింటికి పోయినప్పుడు టీవీలో ఆడవాళ్ల వాలీబాల్ పోటీలు వస్తా ఉండె. దేశదేశాల జట్లు వరసగా వచ్చి నిలబడుతుంటే, తాటిచెట్ల మాదిరి ఉన్న ఆ పిల్లల నడుమ ప్రతి జట్టులోనూ ఒక పొట్టిపిల్ల, దానికి మాత్రం వేరే రంగు చొక్కా. ఇదేందక్కా అని అడిగితే, వెనక వరసలో నిలబడి బంతి కింద పడకుండా లేపడమే దాని పనంట, ముందుకొచ్చి కొట్టే పనే లేదంట, లిబెరో అంటారంట. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు మండదు చెప్పండి? మురుంగపాక్కంలో మేమాడిన కాలంలో, ఇసకలో మోకాళ్లు గీరుకుపోయినా సరే, ఎంత గట్టి బంతినైనా లేపింది నేను. ఈ అక్కే, నాకంటే మూరెడు పొడుగు. వల మీంచి కొట్టడమే గానీ కిందికొచ్చిన బంతి దాని చేతిలో ఏనాడూ నిలవలేదు, అది వదిలినదంతా నేనే ఎత్తేదాన్ని, చప్పట్లేమో దానికి. అప్పట్లో వంతు వచ్చినప్పుడు ఎవరైనా ముందు వరసకు పోవాల్సిందే గనక, పొట్టివాళ్లంటే మేస్టర్లకు గిట్టేది కాదు.

పుదుచ్చేరి జట్టుకు ఎంపిక జరిగే రోజు మా అమ్మ, కన్నకడుపు గదా, నా జడలు విప్పి, సవరం దోపి, నడినెత్తిన ఇంత కొప్పు పెట్టి, నాలుగు వేళ్లు పెరిగినావు పో అని సాగనంపింది. ఆ మేస్టరు నన్ను గోడకానించి, నెత్తిన కొలబద్ద పెట్టి, కొప్పును వడ తట్టినట్టు అణిచేసినాడు. సవరం జారి భుజాన పడింది, అందరూ నవ్వినారు. ఉయరం పత్తాదు అని అరవంలో రెండే మాటలు, పొడుగు చాలదని. నేను బంతి లేపడం ఒక్కసారైనా చూడలేదు మహానుభావుడు! అక్కను కొలవకుండానే తీసుకున్నారు. అది రైలెక్కి ఊర్లు తిరిగొచ్చింది. వాళ్ల మిద్దె మీద ఉతికి ఆరేసిన ఆ జట్టు చొక్కా కంటబడితే చాలు, ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

అదంతా ఎప్పుడో మరిచిపోయినాననే అనుకున్నాను. తీరా చూస్తే, మనవరాలి ఈడు పిల్ల, ఏ దేశందో కూడా తెలీదు, దాని మీద కుళ్లుకుంటా కూచున్నాను. అక్క మోకాళ్లకు నూనె రాసుకుంటా, "ఆ పద్ధతి అప్పుడే ఉండుంటే, నేను వెనక వరసకు వచ్చినప్పుడంతా నన్ను కూచోబెట్టి నిన్ను దించేవాళ్లు గదమే, ఇద్దరం కలిసే పోయుండేవాళ్లం" అనింది. పాపం, ఓదార్చాలనే అనింది. దాని చోటు నాకు రావాల్సిందని ఇన్నేళ్లు ఏడ్చినాను. నా చోటు అప్పటికింకా పుట్టనే లేదంట.

ఇప్పుడు పొట్టిపిల్లలకూ ఆటలో ఒక చోటుంది, పెద్దదాన్ని, సంతోషించాలని నాకూ తెలుసు. కానీ ఆ పిల్ల ఒక్క బంతైనా వదలకపోతుందా అని ఆట ముగిసేదాకా కాచుకోని కూచున్నాను. పాపిష్టిది, ఒక్కటీ వదల్లేదు.