ఎత్తి పోసుకున్న వైన్

మా ఆయన విజయవాడలో కొన్న చవక వైట్ వైన్‌ను ఒక ఆదివారం మధ్యాహ్నం, తిరువూరులో మా ఇంటి తలుపులేసుకుని తెరిచాం. ఎవరైనా వస్తారేమోనని నాకు కాలు ఒకచోట నిలవలేదు. గ్లాసు ఎంగిలి చెయ్యడం మా ఇళ్లలో తప్పు. అందుకే మంచినీళ్లలాగే, ఇద్దరం ఒకే స్టీలు గ్లాసు ఎత్తి గొంతులో పోసుకున్నాం. చీజ్ ముక్కతో, పప్పన్నంతో, చివరికి దొండకాయ వేపుడుతో కూడా తాగి చూశాం. ఏ రుచీ తెలియలేదు.

"దీనికన్నా మజ్జిగ నయం" అన్నారాయన.

చిరాకేసి గ్లాసు పెదవులకు ఆనించాను. పచ్చిమామిడి వాసన ముక్కుకు తగిలింది. చీజ్ కొరికి మరో గుక్క తాగాను. ఉప్పూ పులుపూ ఇట్టే కలిసిపోయాయి. నా మొహం చూసి ఆయన గ్లాసు అందుకున్నారు.

"అది నా ఎంగిలండీ" అన్నాను.

"తెలుసు" అని, నేను తాగిన వైపు నుంచే తాగారు.