రుక్మిణక్క కారుకు నలుపు తెచ్చిన వేసవి

మొన్న ఆదివారం హిందూపురంలో మా ఇంటి ముందు కారు కడిగి, వెలిసిపోయిన బంపరుకు నలుపు తెచ్చే మందు సీసా మూత తీశాను. కొత్త రబ్బరు చెప్పుల మీద కిరసనాయిలు చల్లినట్లుండే ఆ ఘాటు వాసన తగలగానే స్పాంజి చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయాను. రుక్మిణక్క నాకు ఆ వాసనతోనే గుర్తొస్తుంది.

ధర్మవరంలో ఆమెది పట్టుచీరల కొట్టు. పెళ్ళయిన ఏడాదికే నేను పుట్టింటికి తిరిగొచ్చేస్తే, పిలిచి పనిచ్చింది ఆమే. ముందుకొస్తే ఎవరేం అడుగుతారోనని వెనక గదిలోనే చీరలు మడతపెడుతూ ఉండేదాన్ని. ముందుకు రమ్మని ఆమె బలవంతపెట్టేది కాదు. మధ్యాహ్నమైతే తన క్యారియరు తెచ్చుకుని నా పక్కనే కూర్చుని తినేది.

కొన్నాళ్ళకు ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. ఆయన కారు కొట్టు పక్కన ఎండలో నిలిచిపోయింది. బంపర్లు, తలుపుల కింది పట్టీలు, నల్లగా ఉండాల్సినవన్నీ బూడిద రంగుకు తిరిగాయి. ఒకరోజు ఆమె మరిది వచ్చాడు.

"నడిపేవాళ్ళు లేని బండి ఎందుకు వదినా? అమ్మేద్దాం. అప్పుడే ముసిలిదయినట్లుండాది."

"నడిపేవాళ్ళు లేరని నీకెవరు చెప్పినారబ్బా?" అంది రుక్మిణక్క.

ఆమెకు డ్రైవింగు రాదని మా అందరికీ తెలుసు. తర్వాతి వారమే నేర్చుకోవడానికి చేరింది. తోడుకని నన్నూ చేర్పించింది.

లైసెన్సులు వచ్చాక కారు మీద పడ్డాం. ఎవరో చెప్పారని మొదట బంపర్లకు, పట్టీలకు కొబ్బరినూనె రాశాం. నిగనిగలాడింది. సంబరంగా పెనుకొండ దాకా పోయి వచ్చేసరికి దారిలోని ఎర్రదుమ్మంతా దానికే పట్టింది. రుక్మిణక్క దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏమ్మే లలితా, కారుకు కుంకుమ పూసినట్లుండాది గదే!" అని పగలబడి నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

ఆ తర్వాత విడిభాగాల అంగడిలో ఈ మందు దొరికింది. నూనె జిడ్డంతా సబ్బునీళ్ళతో పోయేదాకా రుద్ది, నీడలో ఆరబెట్టి, మందు కారు రంగు మీద పడకుండా అంచుల వెంట టేపు అంటించి పలచగా రాయాలన్నారు. నీడ ఉన్నది కొట్టు ముందే. అట్లా నేను మొదటిసారి నలుగురికీ కనపడేలా వీధిలో కూర్చున్నాను. భయపడినట్లే మా వీధిలోని ఒక పెద్దామె ఆగింది.

"ఏమ్మే, ఈడ కార్లు తుడుస్తాండావా? మొగుడింటికి పోయేది లేదా?"

నా చేతులు ఆగిపోయాయి. రుక్మిణక్క తల కూడా ఎత్తలేదు.

"పెద్దమ్మా, ఆ పిల్ల టేపు అంటించల్ల. మాట్లాడిస్తే వంకర పోతాది."

ఆమె గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. టేపు మాత్రం నిజంగానే వంకర పోయింది. ఇద్దరం నవ్వుకుంటూ పీకి మళ్ళీ అంటించాం. సాయంత్రానికి బూడిద రంగంతా పోయి నలుపు తేలింది. కొత్త కారులా ఏమీ లేదు గానీ, ఎవరో పట్టించుకుంటున్న కారని తెలిసేది.

మర్నాడే అమ్మకానికి చీరల మూటలు కారులో వేసుకుని హిందూపురం బయలుదేరాం. పోయేటప్పుడు ఆమె నడిపింది. వచ్చేటప్పుడు తాళాలు నా చేతిలో పెట్టింది.

"నాకు సరిగ్గా రాదక్కా."

"నాకు మాత్రం వచ్చా? పోనీ, నీకు కండ్లన్నా బాగుండాయి."

పెనుకొండ దాటాక పక్కకు చూస్తే అద్దానికి తల ఆనించి, నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. అత్తింట్లో ఏ పనీ చేతకాదనిపించుకుని వచ్చినదాన్ని. నా చేతుల్ని నమ్మి ఒక మనిషి నిద్రపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే దారి కనపడదని ఆపుకున్నాను.

రుక్మిణక్క పోయిన ఏడాది కన్నుమూసింది. చివరిదాకా ఆ కారును తనే నడుపుకుంది. నేనిప్పుడు ఇక్కడ ఆడవాళ్ళకు డ్రైవింగు నేర్పుతున్నాను. కొత్తగా స్టీరింగు పట్టుకున్నవాళ్ళు పదేపదే నా ముఖం కేసి చూస్తారు. నా కాలు బ్రేకు దగ్గరే ఉంటుంది. ముఖం మాత్రం కిటికీ వైపు తిప్పుకుని, బయట పొలాలు చూస్తూ కూర్చుంటాను.