అడగకుండా చెరిపిన కాపీ

బుక్కరాయసముద్రంలో హేమావతి పొద్దున్నే వేయించిన చెనిక్కాయలు నములుతూ కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. నలుగురు కలిసి తయారుచేస్తున్న కొత్త ప్రోగ్రామింగ్ భాషలో ఫైళ్లు కాపీ అయ్యే పద్ధతి రాయడం ఆమె పని. రాసిన ప్రతి వరుసనూ పెదవులు కదుపుతూ చదువుకుంటుంది. ఆ భాషలోనే ధర్మవరం నేతగాడు జయరాంకు చీర డిజైన్లు దాచుకునే చిన్న ప్రోగ్రాము చేసిచ్చింది. మొన్న అతను పాత చీర అంచు డిజైన్‌ను పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్లోకి కాపీ చేస్తే, అదే పేరుతో దాచుకున్న కొత్త డిజైన్ చెరిగిపోయింది. మూడు నెలలు కూర్చుని గీసిన నెమళ్ల అంచు అది.

"ఒక్క మాటైనా అడగల్యా గదక్కా, నీ ప్రోగ్రాము!" అన్నాడు ఫోన్లో.

అదే పేరుతో ఫైలుంటే కాపీ ఆగి అడిగేలా హేమావతి ఆ పూటే మార్చింది.

"ప్రతిసారీ అడిగితే జనం విసుక్కుంటారమ్మా," అన్నాడు తోటి ప్రోగ్రామర్ సురేంద్ర.

"విసుక్కోనీలే అన్నా. పోయినదాన్ని నువ్వు గీసిస్తావా?"

ఆదివారం ఆమె ధర్మవరం పోయేసరికి జయరాం మళ్లీ మొదటి నెమలిని గీస్తున్నాడు. హేమావతి చెప్పులు విడిచి అతని పక్కన కూర్చుంది.