ముగ్గురు కాదు, ఆరుగురు

ఆ ఊళ్లో అందరూ గట్టిగానే మాట్లాడతారు. వైమానిక స్థావరం పక్కన నలభై ఏళ్లు కాపురం చేసిన ఊరు మరి! గొంతు పెంచకపోతే మొగుడి మాట పెళ్లానికి వినపడేది కాదు. పొద్దున తొమ్మిదికి యుద్ధవిమానాలు లేచేటప్పుడు ఎంతటి వాగుడుకాయైనా మాట మధ్యలో నోరు మూసుకుని, మోత దాటాక ఆపిన చోటినుంచే అందుకునేవాడు. స్థావరం మూసేయమని ఉత్తర్వు వచ్చి, ఆఖరి విమానం వెళ్లిపోయి నెల దాటినా, తొమ్మిదయ్యేసరికి జనం అలవాటుగా ఆగిపోయేవాళ్లు. ఏ మోతా రాకపోతే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

గొడుగమ్మ మాత్రం ఆగలేదు. ఆగడానికి ఆవిడకి తీరికేదీ?

ఆ పేరు వీధిలో పిల్లలు పెట్టింది. ఇరవై ఆరేళ్లు ఆవిడ స్థావరంలో పారాచూట్లు మడతపెట్టింది. విమానం చెడితే పైలట్ ప్రాణం ఆ మడతలోనే ఉంటుంది. "నా మడత విప్పుకుని కిందికి దిగినవాళ్లు ఏడుగురు. ఏడుగురూ తమ కాళ్లమీద తాము ఇంటికి నడిచెళ్లారు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది. కోతలనుకునేరు, అక్షరాలా నిజం.

పారాచూట్లు మడతపెట్టే హాల్లో పొడవాటి బల్లలు మూడు, ఆడవాళ్లు ఆరుగురు. బల్లకి ఇద్దరు. ఒకరు మడతపెడితే ఒకరు చూస్తారు. ఒక్కో మడత అయ్యాక మడతపెట్టిన మనిషి రెండు చేతులూ పైకెత్తి "చూడు" అనాలి. రెండో మనిషి వంగి, తాళ్లు తడిమి, "చూశాను" అనాలి. ఆ మాట పడితేగానీ తర్వాతి మడతకి చెయ్యి కదలకూడదు. గొడుగమ్మకి జంట ఎవరనుకున్నారు? సొంత తోడికోడలు! మరిది పెళ్లాం.

ఇంటి దగ్గర వాళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ. పెరట్లో గోడ ఎక్కడ లేపాలన్న తగువు ముదిరి నాలుగేళ్లుగా మాటల్లేవు. ఒకరు బట్టలారేస్తుంటే ఇంకొకరు మొహం తిప్పుకునేవాళ్లు. బల్ల దగ్గర మాత్రం రోజుకి వందసార్లు చూడు, చూశాను. అంతకుమించి ఒక్క ముక్క కూడా లేదు. పందొమ్మిదేళ్లుగా జంట వాళ్లిద్దరే.

స్థావరం మూతపడ్డాక యూనిఫారం వాళ్లకి వేరేచోట్లకి బదిలీలయ్యాయి. ఈ ఆరుగురికీ తలా ఒక ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు. గొడుగమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "దీన్ని ఏ మడత పెట్టమంటారు సార్?" అని అధికారినే అడిగింది. పాపం, ఆయన నేల చూపులు చూశాడు.

గేటు బయటికొచ్చి మిగతా ఐదుగురికీ ఒక్కటే చెప్పింది. "పని దొరికితే ఆరుగురికీ దొరకాలి. ఒక్కరు తగ్గినా నేను పోను." అని ఊరుకుందా? డేరాలు కుట్టేవాళ్ల దగ్గరికీ పరదాల కొట్టుకీ ఆస్పత్రి లాండ్రీకీ కాళ్లరిగేలా తిరిగింది. ఒకడు ఇద్దరు చాలన్నాడు, ఒకడు వయసెంతన్నాడు. "మడతకి వయసేంట్రా?" అని వాడి మొహమ్మీదే అనేసి వచ్చింది.

చివరికి రేవు దగ్గర ఒక వర్క్‌షాపు తగిలింది. అక్కడ చేపల పడవలకి గాలితెప్పలు తయారుచేస్తారు. తెప్పని చిన్న మూటలా మడిచి పడవమీద కడతారు. పడవ మునిగేటప్పుడు మూటలోంచి బయటికి వేలాడే తాడు లాగితే, లోపలి గ్యాసు నిండి తెప్ప విచ్చుకుంటుంది. మడతపెట్టే మనుషులు దొరక్క యజమాని నెత్తి బాదుకుంటున్నాడు. ఆరుగురూ కట్టగట్టుకుని వెళ్లారు.

పని పద్ధతి విని ఆయన నవ్వాడు. "మడతపెట్టే ముగ్గుర్నీ తీసుకుంటానమ్మా. నిలబడి చూసేవాళ్లు నాకెందుకు? చూడ్డానికి నేనున్నాను, మా మేస్త్రీ ఉన్నాడు."

"ముగ్గురు కాదు సార్, ఆరుగురు. ముందు మా పని చూసి మాట్లాడండి."

"సరే, కానివ్వండి." ఆయన ఒక తెప్ప పరిపించాడు. ఆఖరి మడతలో తాడు కొస కుడివైపునుంచి జానెడు బయటికి రావాలని దగ్గరుండి చూపించాడు. పడవవాళ్లు చీకట్లో, తడిచేతుల్తో తడుముకునేది అక్కడే.

గొడుగమ్మ కొంగు దోపింది. ఆవిడ చేతులు కదులుతుంటే పనివాళ్లంతా చుట్టూ మూగారు. అంతమంది చూస్తుంటే ఆవిడకి హుషారొచ్చింది. మామూలుగా బల్ల దగ్గర నోరు విప్పని మనిషి, ఆ రోజు మడతపెడుతూనే ఏడుగురు పైలట్ల కథ మొదలుపెట్టింది. ఆఖరిదానికి ముందువరకూ ప్రతి మడతకీ చూడు అంది, తోడికోడలు చూశాను అంది. ఆఖరి మడత పడి, పట్టీ బిగించి, చేతులెత్తేసరికి మూట దిండులా ముచ్చటగా కూర్చుంది.

"అబ్బ!" అన్నాడు యజమాని. మేస్త్రీ మూటచుట్టూ తిరిగి తలూపాడు. "మీరు ముగ్గురూ రేపొచ్చేయండమ్మా. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు" అని యజమాని తేల్చేశాడు.

"చూడు" అంది గొడుగమ్మ అలవాటుగా.

జవాబు రాలేదు.

"చూడు!"

"అక్కా, ఆగు" అంది తోడికోడలు. "తాడు ఎడమవైపుకి పోయింది."

అందరూ వంగి చూశారు. నిజమే. కొస ఎడమవైపు, మడతలోపల పడి ఉంది. పారాచూట్‌లో తాడు వెళ్లేది ఎడమకే. ఇరవై ఆరేళ్లు అలవాటుపడ్డ చేతులు, నోరు కథ చెబుతున్నంతసేపూ తమ దారిన తాము పోయాయి. గొడుగమ్మ చెవులు భగ్గుమన్నాయి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారే, సరిగ్గా అలా ఉంది ఆవిడ పని. దాని మాట పట్టించుకోవద్దని ఒక్కమాట అంటే, యజమాని ముందు ఎలాగో సర్దుకోవచ్చు. ఆ మాట నాలుకదాకా వచ్చింది కూడా. తోడికోడలి మొహంలోకి చూసింది. అక్కడ నవ్వేమీ లేదు.

"తప్పు నాదే సార్" అంది. గొంతు తగ్గించలేదు. "చేసింది నేను. చూసింది మీరూ, మీ మేస్త్రీ. మన ముగ్గురికీ కళ్లు బానే ఉన్నాయి. పట్టుకున్నది ఎవరు? మీరు వద్దన్న మనిషి."

యజమాని మూటమీదికి వంగాడు. మూటలో వేలు పెట్టి తాడు కొస కోసం వెతికాడు. పట్టపగలు, పొడి చేతుల్తో వెతికితేనే చాలాసేపు పట్టింది. లేచి నిలబడ్డాక ఆయన మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

"నలుగురైతే?" అన్నాడు.

"ముగ్గురు మడిస్తే చూసేది ఒక్కరే. ఆ ఒక్కరూ చూడని బల్లమీద మడిచిన తెప్ప మీరు ఎక్కుతారా?"

ఆయన మేస్త్రీ వంక చూశాడు. మేస్త్రీ బల్ల వంక చూశాడు.

"ఆరుగురూ రండి."

"రేపట్నుంచి వస్తాం. ఇది మాత్రం ఇవాళే విప్పాలి" అని గొడుగమ్మ పట్టీ ఊడదీసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి పైలట్ల కథ లేదు.

సాయంత్రం బస్టాపులో మిగతా నలుగురూ ఒకపక్క, వీళ్లిద్దరూ ఒకపక్క. గొడుగమ్మ కాసేపు రోడ్డు చూసింది, కాసేపు చెప్పులు చూసింది. ఆఖరికి ఉండబట్టలేకపోయింది.

"ఏమే, నీ పని ఎలాగూ పోయిందని ఆయన చెప్పేశాడు కదా. నోరు మూసుకుంటే నీకు పోయేదేముంది? నలుగురిలో నా పరువు తీశావు గానీ!"

తోడికోడలు బస్సు వచ్చే వైపే చూస్తూ అంది. "ఆ తెప్ప ఎక్కేది ఏ తల్లి కన్న బిడ్డో అక్కా. నువ్వెక్కేదయితే కాస్త ఆలోచించేదాన్నిలే."

గొడుగమ్మకి నవ్వాగలేదు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుని, "రేపు మడత నువ్వు పెట్టు. నేను చూస్తా" అంది.

"నేనా? నాకేం చేతనవుతుంది?"

"పందొమ్మిదేళ్లు చూశావుగా. తప్పు పోతే ఆపడానికి నేను లేనూ?"