ఇబ్రి వాగులో జిలేబీ చేపలు

2008 మార్చి వానలకు ఒమాన్‌లోని ఇబ్రి దగ్గర, మేం పనిచేసే సైట్ అవతలి వాగు పొంగి, డ్యామ్ వెనక చెరువులా నీళ్లు నిలిచాయి. శుక్రవారం డ్యూటీ లేదు. మా రూమ్‌లో ఉండే, నిర్మల్ నుంచి వచ్చిన సాయన్న, "గోదారి ఒడ్డున పుట్టినోన్ని, ఇయ్యాల అందరికి చేపల పులుసే" అని పదకొండు మందికి మాటిచ్చాడు. వాళ్లు అన్నం వండి, చింతపండు నానబెట్టి కూర్చున్నారు.

సాయన్నా నేనూ నడుంలోతు నీళ్లలో నిలబడి, గాలాలు చెరువు మధ్యకి విసిరాం. గంట దాటినా ఒక్క చేపా పడలేదు. గట్టు మీద మేకలు కాసుకుంటున్న ఒమానీ ముసలాయన ఒకరు కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. చివరికి వచ్చీరాని హిందీలో, "ఏం వెతుకుతున్నారు?" అని అడిగాడు.

"చేపలు, బాబా."

"మరి వాటికి వీపు పెట్టి నిలబడ్డారేం?"

వెనక్కి తిరిగాం. మునిగిన తుమ్మపొదల మధ్య, మోకాలిలోతు కూడా లేని చోట, జిలేబీ చేపలు, అదే తిలాపియా, గుంపులుగా తిరుగుతున్నాయి. నీరు పెరిగినప్పుడు చేప పురుగుల కోసం ఒడ్డుకే వస్తుందని ఆయన చెప్పాడు.

"మా గోదావరిల గిట్లుండది" అని సాయన్న గొణిగాడు గానీ, గాలం మాత్రం పొద పక్కనే వేశాడు. మధ్యాహ్నానికి బకెట్ నిండింది.

సగం ఆయనకివ్వబోతే ముక్కు చిట్లించాడు. "ఇవి మేం తినం. చేపంటే సముద్రందే."

"మరి ఇంతసేపు ఎందుకు కూర్చున్నారు బాబా?" అన్నాను.

"రోజూ మేకల్నే చూస్తాను" అన్నాడాయన. "ఇవాళ మిమ్మల్ని చూశాను."